సెకండ్‌హ్యాండ్ ఆటోమేటిక్: ఏది నమ్మకం?

ప్రశ్న: అమ్మానాన్నలతో కలిపి ఇంట్లో ఆరుగురం. ఆటోమేటిక్ గేర్లున్న సెకండ్‌హ్యాండ్ బండి ఏది కొనమంటారు?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: మీకు పెట్రోల్ ఎర్టిగా సరిపోతుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన మోడల్ నుంచి పాత 4 గేర్ల ఆటోమేటిక్ బదులు 6 గేర్లది ఇచ్చారు; వీలైతే అదే తీసుకోండి. దూర ప్రయాణాలు ఎక్కువైతే ఇన్నోవా క్రిస్టా డీజిల్ ఆటోమేటిక్ చూడొచ్చు.

ఏ బండైనా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. బ్రేక్ నొక్కి ‘డీ’ నుంచి ‘ఆర్’కు మార్చినప్పుడు గట్టి కుదుపు, ఆలస్యం ఉండకూడదు. గేర్ ఆయిల్ మాడు వాసన వస్తే వదిలేయండి. 2024 సెప్టెంబరు వరదల్లో మీ నగరంలో ఎన్నో కార్లు మునిగాయి. సీటుబెల్టు చివరిదాకా లాగి బురద మరకలున్నాయేమో చూడండి. సర్వీసు రికార్డు, ఆర్‌సీ, చలాన్లు, ఫైనాన్స్ ఎన్‌ఓసీ సరిచూసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి.