ఫొటో చూపి బెదిరిస్తుంటే...

ప్రశ్న: ఆన్‌లైన్ గేమ్‌లో పరిచయమైన వ్యక్తి పద్నాలుగేళ్ల మా బాబు చేత అభ్యంతరకరమైన ఫొటో పంపించుకుని, ఇప్పుడు డబ్బు అడుగుతున్నాడు. ఏం చేయాలి?

జవాబు: తప్పు బాబుది కాదు. ముందు ఆ మాట వాడికి చెప్పండి. ఇంట్లో తెలుస్తుందన్న భయమే బెదిరించేవాడి ఆయుధం. రూపాయి కూడా పంపొద్దు; ఇచ్చేకొద్దీ ఇంకా అడుగుతాడు.

చాటింగ్ చెరిపేయకండి. అకౌంట్ వివరాలు, మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీశాకే బ్లాక్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలపై నేరాలకు ప్రత్యేక విభాగం ఉంది. డబ్బు ఇప్పటికే పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. 2012 నాటి పోక్సో చట్టం మగపిల్లలకూ వర్తిస్తుంది. బాధిత పిల్లల పేరు పత్రికలు బయటపెట్టకూడదు.

ఫొటో ఆన్‌లైన్‌లో వ్యాపించకుండా ఆపేందుకు 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ కూడా ఉంది. ఫొటో ఫోన్ దాటదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి వేదికలకు చేరుతుంది.

బాబు దిగులుగా ఉంటే ఒంటరిగా వదలకండి. చైల్డ్‌లైన్ 1098 ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది.