కారు రంగుకు కవచం కావాలా?

పిల్లలూ! తామరాకు మీద నీటిబొట్టును మీరు చూసే ఉంటారు. దగ్గరలో తామర చెరువు లేకపోతే పెరట్లోని చేమాకు మీద నాలుగు చుక్కలు చల్లి చూడండి. నీరు ఆకును అంటదు. ముత్యంలా గుండ్రంగా నిలిచి, ఆకును కాస్త వంచగానే దొర్లిపోతుంది. సరిగ్గా ఇలాంటి దృశ్యాన్నే చూపించి కార్ల షోరూముల్లో ఒక సరుకు అమ్ముతారు. బానెట్ మీద సగభాగానికి ఏదో పూసి, రెండు సగాల మీదా నీళ్లు చిమ్ముతారు. పూసిన వైపు నీరు ముత్యాలు కడుతుంది. పూయని వైపు పరుచుకుంటుంది. "చూశారా, ఇక రంగుకు ఢోకా లేదు" అంటారు.

ముత్యాలు కట్టిన మాట నిజమే. మరి రంగుకు రక్షణ దొరికిన మాట?

సూర్యాపేట జిల్లా గరిడేపల్లిలో ఒక రైతు కుటుంబం కారు కొంటున్నదనుకుందాం. సూర్యాపేటకో, కోదాడకో, మిర్యాలగూడకో వెళ్లి బండి చూసుకున్నారు. ధర, బీమా, రిజిస్ట్రేషను అన్నీ తేలాక కాగితం అడుగున 'పెయింట్ ప్రొటెక్షన్' అని ఇంకొక పంక్తి కనబడింది. దాని ఎదురుగా 20,000 రూపాయలు అని ఉందనుకోండి. లక్షల బిల్లులో అది పెద్ద మొత్తంగా కనిపించదు. కాని వడ్లలోకి మార్చి చూడండి. 2025–26 సంవత్సరానికి కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన కనీస మద్దతు ధర సాధారణ రకం వడ్లకు క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన 20,000 రూపాయలంటే దాదాపు ఎనిమిదిన్నర క్వింటాళ్లు. నారు పోసి, నాట్లు వేసి, కలుపు తీసి, సాగర్ ఎడమ కాలువ నీటికోసం ఎదురుచూసి పండించిన ఎనిమిదిన్నర క్వింటాళ్ల వడ్లు ఒక చిన్న సీసాలోని ద్రవానికి పోతున్నాయన్నమాట. ఆ సీసాలో ఏముందో అడిగి తెలుసుకోవలసిందే.

రేకు మీద ఎన్ని పొరలు?

కారు రంగు అంటే గోడకు సున్నం కొట్టినట్లు ఒక్క పూత అనుకోకండి. కర్మాగారంలో ముందుగా రేకును కడిగి, ఫాస్ఫేటు పొర పట్టిస్తారు. ఆ తరువాత కారు ఒంటిని మొత్తంగా ఒక పెద్ద తొట్టిలో ముంచి విద్యుత్తు ప్రసరింపజేస్తారు. మీ రసాయన శాస్త్రం పాఠంలో రాగి పూత పూయడం గుర్తుందా? ఇదీ అలాంటిదే. కారు ఒళ్లే కాథోడుగా పనిచేస్తుంది. ద్రవంలోని రెసిన్ కణాలు వెళ్లి దాని మీద పేరుకుంటాయి. బ్రష్షు దూరని మూలల్లోకి కూడా ఈ పూత చేరుతుంది. తుప్పును ఆపే అసలు పని దీనిదే. 1970ల చివరి నుంచి ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది.

దాని మీద మధ్యపూత, దాని మీద రంగు, అన్నిటికంటే పైన రంగులేని పారదర్శక పూత. దీన్ని క్లియర్ కోట్ అంటారు. అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే పదార్థాలను కర్మాగారంలోనే ఇందులో కలిపి ఉంచుతారు. దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ వేడిలో దీన్ని ఆరబెట్టి గట్టిపరుస్తారు.

ఇన్ని పొరలూ కలిసి ఎంత మందమో తెలుసా? ఇంచుమించు 100 నుంచి 130 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మీ నోటుపుస్తకంలో 100 కాగితాలు గట్టిగా అదిమిపట్టి స్కేలుతో కొలవండి. సుమారు 7 లేక 8 మిల్లీమీటర్లు ఉంటాయి. అంటే ఒక్క కాగితం 70–80 మైక్రాన్లు. కారు రంగంతా కలిపినా రెండు కాగితాల మందం లేదు! అందులో పైనున్న క్లియర్ కోట్ వాటా 40 మైక్రాన్లు మాత్రమే.

పాత అంబాసిడర్, ఫియట్ కార్ల కాలంలో ఈ పారదర్శక పూత ఉండేది కాదు. రంగే పై పొర. ఎండకు అది వెలిసి, సుద్దపొడిలా రాలేది. మైనం పెట్టి రుద్దితే గుడ్డకు కారు రంగు అంటుకునేది. అందుకే ఆనాడు బండి ఉన్నవారు క్రమం తప్పకుండా మైనం పట్టించేవారు. అందులో అర్థముంది. ఇప్పుడు రంగు తయారయ్యే పద్ధతి మారిపోయింది, భయం మాత్రం పాతదే మిగిలిపోయింది. షోరూము బేరం సగం ఆ పాత భయం మీదే నడుస్తుందని నా అభిప్రాయం.

సీసాలో ఏముంది?

షోరూములో పూసేది ఒక్కొక్కచోట ఒక్కొక్కటి. కొన్ని కేవలం మైనాలు. కొన్నిటిని 'టెఫ్లాన్ పూత' అంటారు. టెఫ్లాన్‌ను 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త అనుకోకుండా కనుగొన్నాడు. దానికి ఏదీ అంటుకోదు. దోసె పెనం మీద మీరు చూసేది అదే. కాని ఏదీ అంటుకోని పదార్థాన్ని పెనానికి ఎలా అంటించారు? పెనం లోహాన్ని గరుకుచేసి, పూత పూసి, 350 డిగ్రీలకు పైగా కాలుస్తారు. టెఫ్లాన్ 327 డిగ్రీల దగ్గర గాని కరగదు. కారు రంగును అంత వేడిచేస్తే రంగే మాడిపోతుంది. షోరూము వెనుక గుడ్డతో రుద్దిన టెఫ్లాన్ రంగు మీద ఊరికే కూర్చుంటుంది. కొన్ని నెలలు కడిగేసరికి పోతుంది.

మరొకటి 'సిరామిక్ పూత'. ఇది కొంత మెరుగైన సరుకే. సిలికాన్ సమ్మేళనాల ద్రవం గాలిలోని తేమ తగిలి గాజులాంటి పలుచని పొరగా మారి రంగును పట్టుకుంటుంది. సరిగా పూస్తే మైనం కంటే చాలాకాలం ఉంటుంది. దుమ్ము తేలికగా కడుక్కుపోతుంది. మెరుపూ వస్తుంది. కాని మందం? ఒకటి రెండు మైక్రాన్లు దాటదు. అంటే మనం కొలిచిన కాగితంలో నలభయ్యోవంతు!

"ఇది 9హెచ్ గట్టిదనం గలది, వజ్రం 10" అని కూడా చెబుతుంటారు. ఇక్కడ జాగ్రత్త! ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మో స్కేలు వేరు. అందులో వజ్రానిది 10, ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. 9హెచ్ అనేది మీ జామెట్రీ బాక్సులోని పెన్సిళ్ల లెక్క. హెచ్.బి., 2హెచ్ వంటివి మీకు తెలిసినవే. పెన్సిలు ములుకును పూత మీద నెట్టి, ఏ పెన్సిలుకు పూత గీసుకుపోతుందో చూస్తారు. 9హెచ్ పెన్సిలు గీయలేకపోయిందంటే పెన్సిలు గీయలేకపోయిందనే అర్థం. పిడికెడు ఇసుకకు ఆ సంగతి తెలియదు.

రెండు ప్రయోగాలు

శుభ్రంగా కడిగి ఆరబెట్టిన స్టీలు పళ్లెం తీసుకోండి. సగభాగం మీద కొవ్వొత్తి రుద్ది, మెత్తని గుడ్డతో సమంగా పరచండి. రెండు వైపులా నీటిచుక్కలు వేయండి. మైనం ఉన్నవైపు చుక్క పొంగి నిలబడుతుంది. లేనివైపు పరుచుకుంటుంది. నీటికీ ఉపరితలానికీ మధ్య ఏర్పడే కోణాన్ని స్పర్శకోణం అంటారు. తామరాకు మీద ఇది 150 డిగ్రీలు దాటుతుంది. మైనం, టెఫ్లాన్, సిరామిక్ పూత, ఈ మూడింటి మీదా ఇంచుమించు 100 నుంచి 110 డిగ్రీలే. గమనించారా? కొద్దిపాటి మైనమూ, వేలు పోసిన సీసా కూడా ముత్యాల పరీక్షలో ఒకటే మార్కులు తెచ్చుకుంటాయి.

ఇక రెండోది. పారవేసే పాత సి.డి. ఒకటి తీసుకోండి. మెరిసే వైపు సగానికి అలాగే మైనం పట్టించండి. బాగా చల్లారిన ఊక బూడిద చిటికెడు సి.డి. అంతటా చల్లి, పొడిగుడ్డతో నాలుగుసార్లు రుద్దండి. బూడిద ముక్కులోకి పోకుండా చూసుకోండి. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే రెండు సగాల్లోనూ గీతలు కనిపిస్తాయి. ఇంకొక సి.డి. మీద ఇంతే బూడిద చల్లి, ముందు నీళ్లు ధారగా పోసి కడిగి, తరువాత తడి గుడ్డతో తుడవండి. తేడా మీకే తెలుస్తుంది.

మన దగ్గరి శత్రువులు

ఊక బూడిదనే ఎందుకు తీసుకోమన్నానంటే, మిర్యాలగూడ చుట్టూ ఉన్న రైసుమిల్లుల సంగతి మీకు తెలుసు. మిల్లుల బాయిలర్లలో ఊకనే మండిస్తారు. వరి మొక్క నేలలోని సిలికాను నీటితోపాటు పీల్చుకుంటుంది. వరి ఆకు అంచు చేతికి కోసుకోవడానికి కారణం ఇదే. ఊక కాలినప్పుడు మిగిలిన బూడిదలో 85 నుంచి 95 శాతం వరకు సిలికాయే. సీసాలోని సిరామిక్ ద్రవం ఆరాక ఏర్పడేదీ సిలికా కుటుంబపు పొరే! తమాషా చూడండి: రక్షణ పేరుతో పూసే పదార్థానికీ, గీతలు పెట్టే బూడిదకూ చుట్టరికం ఉంది. బండి మీద బూడిద పడినప్పుడు పొడిగుడ్డతో దులపడం గరుకు కాగితంతో రుద్దడమే. ఒక మైక్రాను పూత ఆ గీతను ఆపలేదు.

హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. సిమెంటు దుమ్ము మంచుతో తడిస్తే ఘాటైన క్షారం అవుతుంది, ఆరితే గట్టిపడుతుంది. దీన్ని ఆ రోజే కడగడం తప్ప వేరే మందు లేదు.

బోరు నీళ్ల సంగతి ఇంకా చిత్రం. నల్లగొండ ప్రాంతపు నీళ్లనగానే ఫ్లోరైడు గుర్తుకొస్తుంది గాని, కారు మీద తెల్లమచ్చలు పెట్టేవి ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీరు పరుచుకుంటే లవణం పలుచగా పరుచుకుంటుంది. ముత్యంగా నిలిచి ఎండితే ఆ లవణమంతా ఒక్కచోట గుండ్రని మచ్చగా మిగులుతుంది. అంటే షోరూములో మనల్ని మురిపించిన ఆ ముత్యమే, బోరునీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే, మచ్చకు అచ్చు అవుతుంది! పూత ఉన్నా లేకపోయినా కడిగిన వెంటనే నీడలో తుడవాలి.

పిట్టరెట్టలో యూరికామ్లం ఉంటుంది. మే నెల ఎండలో ముదురు రంగు కారు పైభాగం 70 డిగ్రీలకు చేరవచ్చు. ఆ వేడిలో రెట్ట క్లియర్ కోట్‌ను తినేస్తుంది. సిరామిక్ పూత ఇక్కడ కొంచెం వ్యవధి ఇస్తుంది. అంతకుమించి ఆశించకూడదు.

కోదాడ, సూర్యాపేట మీదుగా హైదరాబాదు–విజయవాడ హైవే మీద కంకర టిప్పర్ల వెనుక వెళ్లేవారికి మరో బాధ. ఎగిరిన రాయి తగిలితే రంగు పెచ్చు లేస్తుంది. దీన్ని ఆపగలిగింది ఒక్కటే: 150 నుంచి 200 మైక్రాన్ల మందం గల పారదర్శక పాలీయురిథేన్ ఫిల్మ్. దీని మందం కారు రంగు మందం కంటే ఎక్కువ. దెబ్బను తాను తీసుకుంటుంది. బండి మొత్తానికి అతికిస్తే ఖర్చు విపరీతం. రోజూ హైవే మీద తిరిగే బండికి ముందు బంపరుకూ, బానెట్ అంచుకూ మాత్రం వేయిస్తే డబ్బుకు తగిన పని చేస్తుంది.

అయితే చేయించుకోవాలా?

గరిడేపల్లిలో ఇంటి ముందు నిలిపే మామూలు కారుకు ఆ 20,000 రూపాయలు దండగ అనే నేనంటాను. కడగడంలో సుఖం కావాలి, మెరుపు కావాలి అనుకునేవారు సిరామిక్ పూత వేయించుకుంటే తప్పుపట్టను. అది ముచ్చట, అవసరం కాదు. అదీ వేరేచోట అడిగి ధర పోల్చుకున్నాకనే. పైగా ఆ పని సరిగా చేయాలంటే బండిని కడిగి, మలినాలు తీసి, దుమ్ములేని చోట పూసి, కొన్ని గంటలు తడి తగలకుండా ఉంచాలి. పొద్దున బిల్లు కట్టి మధ్యాహ్నానికి బండి ఇచ్చేస్తామంటే అందులో ఎంత పని జరిగిందో ఊహించుకోవచ్చు. కొత్త బండికి ముందు యంత్రంతో పాలిష్ పడతామంటే ఎందుకని అడగండి. ప్రతి పాలిష్‌కూ ఆ 40 మైక్రాన్లలో కొంత అరిగిపోతుంది. అది తిరిగి రాదు.

ఆ డబ్బులో చిన్న భాగంతో ఒక కారు షాంపూ, రెండు మెత్తని మైక్రోఫైబర్ గుడ్డలు, ఒక డబ్బా మైనం వస్తాయి. మిగిలినది బండికి రేకుల నీడ వేయడానికి ఉపయోగపడుతుంది. బట్టల సబ్బుపొడితో మాత్రం కడగవద్దు, మైనం పోతుంది.

అమ్మానాన్నలతో షోరూముకు వెళితే వారంటీ కాగితం మీరే చదివి వినిపించండి. రాయి దెబ్బలు, పిట్టరెట్ట, నీటిమచ్చలు వర్తించవని అడుగున చిన్న అక్షరాలలో ఉంటుంది చాలా వాటిలో. ఆరు నెలలకోసారి వచ్చి డబ్బు కట్టి మళ్లీ పూయించుకుంటేనే వారంటీ అనే షరతు కూడా ఉండవచ్చు. పూత ఏ పదార్థం, ఎన్ని మైక్రాన్లు, దేన్ని ఆపుతుంది అని అడిగి, జవాబును కాగితం మీద రాసిమ్మనండి. అడగకుండానే ఆ పంక్తి బిల్లులో చేరి ఉంటే తీసివేయమని చెప్పవచ్చు. బండితోపాటు ఇది కొనితీరాలని పట్టుబడితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి ఫోన్ చేయవచ్చు. నంబరు 1915.