కండ పెరగాలి గాని కొవ్వు పేరుకోరాదు

సన్నగా ఉన్న యువకుని చూడగానే మన ఇళ్లలో పెద్దలు "వీడికి తిన్నది ఒంటికి పట్టడం లేదు" అంటారు. కొద్ది నెలలలో వాడు నాలుగు కిలోలు పెరిగితే "ఇప్పుడు కాస్త ఒళ్లు చేశాడు" అని సంతోషిస్తారు. ఆ పెరిగినది మాంసధాతువా, మేదోధాతువా అని అడిగేవారు అరుదు. వైద్యవృత్తిలో ఉండి కూడా నేను ఒకసారి ఆ ప్రశ్న అడగక పొరబడ్డాను. ఆ పొరపాటునే ఈ పాఠానికి ఆధారంగా తీసుకుంటున్నాను.

ఒక యువకుని అనుభవం

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వెలువడిన కానిస్టేబుల్ నియామక ప్రకటన ప్రకారం పురుష అభ్యర్థి ఛాతీ 86.3 సెంటీమీటర్లకు తగ్గరాదు. ఊపిరి పీల్చినప్పుడు మరో 5 సెంటీమీటర్లు విస్తరించవలెను. 1600 మీటర్ల పరుగు కూడా ఉన్నది. ప్రాథమిక పరీక్ష 2023 జనవరిలో జరిగినా, దేహదారుఢ్య పరీక్షలు వాయిదా పడి 2024 డిసెంబరు చివరలో గాని మొదలు కాలేదు.

2023 కార్తీకమాసంలో ఒక తల్లి తన కుమారుని నా వద్దకు తీసుకొని వచ్చింది. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 56 కిలోలు, ఛాతీ 83, నడుము 74. "డాక్టరుగారూ, వాడి నాన్నగారు పోయినప్పటి నుండి ఈ ఉద్యోగం మీదనే మా ఆశ. ఛాతీ చాలదంటున్నారు. ఏదైనా బలమైన మందు ఇవ్వండి" అని ఆమె కోరింది. నేను బృంహణ చికిత్స, అనగా శరీరాన్ని పుష్టిపరచే చికిత్స చెప్పాను. రోజుకు మూడు సున్నుండలు, అన్నంలో రెండు పెద్ద చెంచాల నెయ్యి, రాత్రి పాలతో అశ్వగంధ చూర్ణం. ఉదయం బరువులు ఎత్తే వ్యాయామం. మళ్లీ ఎప్పుడు రావలెనో, ఏమేమి కొలుచుకోవలెనో మాత్రం చెప్పలేదు.

పదహారు వారాల తరువాత వచ్చినప్పుడు అతని బరువు 68 కిలోలు, ఛాతీ 88. తల్లి ముఖంలో సంతోషం. కుర్రవాడు మాత్రం తల వంచుకొని ఉన్నాడు. "ఏమి నాయనా?" అని అడిగితే, "ఛాతీ వచ్చిందండీ, పరుగు పోయింది. మునుపటి కంటే నిమిషంన్నర ఎక్కువ పడుతోంది. మెట్లెక్కితే ఆయాసం" అన్నాడు. నడుము కొలిచాను: 87 సెంటీమీటర్లు. పన్నెండు కిలోలలో అధికభాగం కొవ్వేనని ఆ టేపు చెప్పింది.

పూర్వశాస్త్రం ఏమి చెప్పింది?

మనం తిన్న ఆహారం జీర్ణమై రసధాతువుగా, అక్కడి నుండి రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అనే క్రమంలో ధాతువులుగా మారుతుందని ఆయుర్వేదం చెబుతుంది. ఆహారం ఎంత తిన్నామన్న దానికంటే, ఏ ధాతువు ఎంత పోషింపబడినదన్నదే ముఖ్యం.

చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో అతిస్థూలుని, అతికృశుని ఇద్దరినీ నిందితులుగానే పరిగణించినారు. స్థూలునిలో మేదస్సు ఒక్కటే పెరిగి ఇతర ధాతువులు తగినంత పెరగవనీ, మేదస్సు మార్గాలను కప్పివేయగా వాయువు కోష్ఠంలో సంచరించి అగ్నిని రగిలిస్తుందనీ, అందువలన ఆకలి మరింత అధికమవుతుందనీ అక్కడ వివరించబడినది. ఈ యువకుడు కూడా "ఎంత తిన్నా ఇంకా ఆకలే" అనేవాడు. నేను దానిని అగ్నిదీప్తి అనుకొని మురిసిపోయాను. ఈ ఇద్దరిలో కృశత్వమే మేలని కూడా చరకుడు చెప్పిన సంగతి ఆనాడు నాకు గుర్తుకు రాలేదు. మాంసం సమప్రమాణంలో ఉండి, అవయవాల కూర్పు గట్టిగా ఉన్న దేహమే ఆయన మెచ్చిన దేహం.

భారతీయునికి అదనపు జాగ్రత్త ఎందుకు?

మన దేశస్థులలో బరువు మామూలుగానే కనిపించినా లోపల కొవ్వు ఎక్కువగా ఉండే స్వభావం ఉన్నది. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, ఇంగ్లండు వైద్యుడు యుడ్కిన్ తమ ఇద్దరి ఛాయాచిత్రాన్నే ఉదాహరణగా ప్రచురించారు. ఎత్తుకు తగిన బరువును తెలిపే బాడీ మాస్ ఇండెక్స్ ఇద్దరికీ 22.3. కాని శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. త్రాసు ఇద్దరినీ ఒక్కటే అన్నది. దేహాలు మాత్రం ఒక్కటి కావు. అందుకే కండ కోసం బరువు పెంచుకొనే మన యువకుడు త్రాసును మాత్రమే నమ్మరాదు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమని మన దేశపు వైద్యనిపుణులు 2009లో నిర్ణయించారు. నడుము ఎత్తులో సగానికి మించరాదన్నది ఇంకొక సులభమైన సూత్రం. ఈ యువకుని ఎత్తులో సగం 85. అతని నడుము 87.

ఎంత వేగంగా పెరగాలి?

కండ నిదానంగా పెరుగుతుంది. కొవ్వుకు ఆ నిదానం లేదు. వారానికి శరీరబరువులో పావు శాతం నుండి అరశాతం వరకు పెరగడం క్షేమకరమని నేటి వ్యాయామశాస్త్రజ్ఞుల సలహా. 56 కిలోల వానికి ఇది వారానికి 140 నుండి 280 గ్రాములు మాత్రమే. మా యువకుడు వారానికి సగటున 750 గ్రాములు పెరిగాడు. మూడు సున్నుండలు సుమారు 550 కేలరీలు, రెండు పెద్ద చెంచాల నెయ్యి మరో 270. వెరసి రోజుకు 800కు పైగా మిగులు. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు నిలువ ఉంటాయి. లెక్క మీరే వేసుకొనవచ్చును. దేహపోషణకు కావలసిన దానికంటే రోజుకు 250 నుండి 300 కేలరీల మిగులు చాలును.

మాంసకృత్తులు కూడా అవసరమే. సాధారణ వ్యక్తికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించింది. బరువులెత్తే సాధకులపై జరిగిన 49 పరీక్షలను సమీక్షించి 2018లో వెలువడిన వ్యాసం, కిలోకు సుమారు 1.6 గ్రాములు దాటిన తరువాత కండకు అదనపు లాభం అంతగా కనబడలేదని తేల్చింది. 56 కిలోల వానికి ఇది సుమారు 90 గ్రాములు. ఇందుకు ఖరీదైన డబ్బా పొడులే కావలెనని లేదు:

పాలు అర లీటరు – 16 గ్రాములు
గుడ్లు మూడు – 18 గ్రాములు
కందిపప్పు లేక పెసరపప్పు 100 గ్రాములు – 22 గ్రాములు
బియ్యం 300 గ్రాములు – 24 గ్రాములు
వేరుశనగలు 30 గ్రాములు – 7 గ్రాములు
పెరుగు 200 గ్రాములు – 6 గ్రాములు

పప్పు, బియ్యం తూకాలు వండక ముందువి. గుడ్లు తినని ఇళ్లలో వాటికి బదులు 40 గ్రాముల మీల్ మేకర్ వాడుకొనవచ్చును. కూరలు, పండ్లు, నూనె, కాస్త నెయ్యి కలుపుకొంటే ఇది రోజుకు సుమారు 2,700 కేలరీల భోజనం. వీరఘట్టంలో పుట్టి దేశమంతటా మల్లయోధునిగా పేరొందిన కోడి రామ్మూర్తి నాయుడు శాకాహారిగా ప్రసిద్ధుడు. బలం మాంసాహారుల సొత్తు కాదని ఆయన పేరు మనకు గుర్తు చేస్తుంది.

తప్పును సరిదిద్దిన విధం

ఆ రోజు తల్లితో, "అమ్మా, తప్పు మీ అబ్బాయిది కాదు, నాది. ఇది మందుతో కాదు, లెక్కతో సరిచేద్దాం" అన్నాను. అది వసంతఋతువు. హేమంత, శిశిరాలలో సంచితమైన కఫం కరిగే ఈ కాలంలో వ్యాయామం, నలుగు, తేలిక ఆహారం శాస్త్రసమ్మతం. బృంహణాన్ని ఆపి, పదహారు వారాల లేఖన క్రమం చెప్పాను.

1. సున్నుండలు పూర్తిగా మాన్పించి, నెయ్యి రోజుకు ఒక చిన్న చెంచాకు తగ్గించాను. రాత్రి అన్నానికి బదులు జొన్నరొట్టె, కూర. పప్పు, పాలు, గుడ్లు తగ్గించలేదు. అవి తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది.

2. వారంలో నాలుగు రోజులు ఉలవచారు. ఉలవలు కఫమేదోహరమని శాస్త్రవచనం. వాటిలో మాంసకృత్తులు కూడా పుష్కలం. చారు తీసిన తరువాత ఉలవలను పారవేయక గుగ్గిళ్లుగా తినవలెను.

3. బరువులు ఎత్తడం వారానికి మూడు రోజులు కొనసాగించి, మిగిలిన రోజులలో నడక, నెమ్మదిగా పరుగు. కొవ్వు తగ్గించే కాలంలో దండీలు, బస్కీలు మానివేయడం చాలామంది చేసే పొరపాటు.

4. ఆదివారం శనగపిండి నలుగు. దీనివలన చర్మం శుభ్రపడి అవయవాలకు దృఢత్వం వస్తుందని వాగ్భటుడు చెప్పాడు. అయితే రుద్దినంత మాత్రాన పొట్ట కరుగుతుందని ఆశపడరాదు.

5. రాత్రి పదింటికే నిద్ర. కండ కట్టేది వ్యాయామశాలలో కాదు, తరువాతి విశ్రాంతిలో.

2024 ఆషాఢం నాటికి బరువు 62, నడుము 80. ఛాతీ 85.5కు దిగినందుకు తల్లి కంగారుపడింది. "ఇప్పుడు పునాది శుభ్రమయిందమ్మా, ఇక కట్టుదాం" అన్నాను. బృంహణానికి అగ్ని బలంగా ఉండే హేమంత, శిశిరాలు శ్రేష్ఠమైనా, అంతవరకు ఆగే వ్యవధి మాకు లేదు. పైన చెప్పిన భోజనంతో, కొద్దిపాటి మిగులుతో మళ్లీ మొదలుపెట్టాము. 22 వారాలలో పెరిగినది మూడున్నర కిలోలే. బరువు 65.5, నడుము 81.5, ఛాతీ 87.5. 2025 జనవరిలో కొలతలలోను, పరుగులోను అతడు నెగ్గాడు. పన్నెండు కిలోలు చేయలేని పనిని మూడున్నర కిలోలు చేశాయి.

ఇంటిలో కొలుచుకొనే పద్ధతి

ఉదయం మలవిసర్జన తరువాత, ఏమీ తినక ముందు, వారానికి మూడు రోజులు ఒకే త్రాసుపై తూగి సగటు వ్రాసుకొనవలెను. నడుమును చివరి ప్రక్కటెముకకు, తుంటి ఎముక పైఅంచుకు నడుమ, ఊపిరి మామూలుగా వదిలిన తరువాత కొలువవలెను. పదిహేను రోజులకొకసారి చాలును. తరువాత ఇట్లు నిర్ణయించుకొనండి:

బరువు నిదానంగా పెరుగుతూ, ఎత్తగల బరువులు పెరుగుతూ, నడుము దాదాపు స్థిరంగా ఉంటే క్రమం సరియైనది.
బరువుతో పాటు నడుము కూడా చురుకుగా పెరుగుతుంటే నెయ్యి, తీపి, అన్నం కొంత తగ్గించవలెను.
మూడు వారాలైనా బరువు కదలకపోతే ఒక గ్లాసు పాలు, రెండు అరటిపండ్లు చేర్చవలెను.
నడుము ఎత్తులో సగానికి చేరువైతే బృంహణం ఆపి లేఖనం మొదలుపెట్టవలెను.

వ్యాయామం అర్ధశక్తితో చేయవలెనని మన ఆచార్యుల ఆదేశం. నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చినప్పుడు అర్ధశక్తి అయినట్లు గుర్తు. కొత్తవారికి ఇది మంచి హద్దు. పూర్వం తిన్నది జీర్ణమై, నిజమైన ఆకలి వేసిన తరువాతనే మళ్లీ తినవలెను.

హెచ్చరికలు

అశ్వగంధపై 2015లో ప్రచురితమైన ఒక పరీక్షలో 57 మంది పురుషులు పాల్గొన్నారు. ఎనిమిది వారాల వ్యాయామంతో పాటు దాని సారాన్ని రోజుకు రెండుసార్లు 300 మిల్లీగ్రాముల చొప్పున సేవించినవారికి కండబలం ఎక్కువగా పెరిగి, కొవ్వు శాతం ఎక్కువగా తగ్గినది. పరీక్ష చిన్నది, ఆశ కూడా ఆ మేరకే ఉంచుకొనవలెను. గర్భిణులు, థైరాయిడ్ వ్యాధి గలవారు, కాలేయవ్యాధి గలవారు దీనిని స్వయంగా వాడరాదు. వాడేవారికి కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురురంగుకు మారినా వెంటనే ఆపి వైద్యుని చూడవలెను. మూత్రపిండాల వ్యాధి, మధుమేహం ఉన్నవారు మాంసకృత్తులు పెంచే ముందు వైద్యసలహా తీసుకొనవలెను.

వ్యాయామశాలలో ఎవరైనా "నెల రోజులలో కండ" అని సూది గాని, పేరులేని మాత్ర గాని చూపితే దూరంగా ఉండండి. స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని, సంతానశక్తిని దెబ్బతీస్తాయి. తల్లిదండ్రులు కూడా "ఇంకా సన్నగానే ఉన్నావు" అని పిల్లలను పదేపదే గుచ్చరాదు. ఆ మాటే చాలామందిని తొందరపాటుకు తోస్తుంది.

చికిత్స చెప్పే వైద్యుడు కూడా ఒక టేపు దగ్గర ఉంచుకొనవలెను. నేను ఆనాటి నుండి బల్ల సొరుగులో ఒకటి ఉంచుకొన్నాను. పుష్టి కోసం వచ్చిన ప్రతివారికీ ముందు నడుము కొలిచి, ఆ తరువాతనే మందు వ్రాస్తున్నాను.