పిలిస్తే పలకని బిడ్డ



ఇది కుటుంబ నియంత్రణ కరపత్రం గదా, ఇందులో పిల్లల మాటల గొడవ ఎందుకని మీరడగవచ్చు. మొదటి బిడ్డకు ఏడాది నిండకుండానే రెండో కాన్పు మాట వచ్చే ఇళ్ళు మన చుట్టూ ఉన్నాయి. ఆ ఇళ్ళలో పెద్దబిడ్డకు పళ్ళొచ్చాయా, నడక వచ్చిందా అని చూస్తారు గాని, మనిషి ముఖం చూస్తున్నాడా లేదా అన్నది ఎవరికీ తీరదు. అది చూడవలసిన వయసు సరిగ్గా అదే.

ఉప్పాడలో జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. ఒకరి చేతిని బట్టి మరొకరి చెయ్యి నడుస్తుంది. తల్లీబిడ్డల సంగతీ అంతే. మీరు పప్పన్నం తినిపిస్తూ చందమామను చూపిస్తే, ఏడాది దాటిన బిడ్డ మీ వేలు పోయిన వైపు చూస్తాడు, మళ్ళీ మీ ముఖం చూస్తాడు. కొన్నాళ్ళకు తానే వేలు చూపిస్తాడు. అది కావాలని కాదు, "నువ్వూ చూడు" అని. ఈ ఇచ్చిపుచ్చుకోవడం సరిగా కుదరకపోవడం ఆటిజంలో ముఖ్యమైన సంగతి. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో 11 మంది పిల్లలను చూసి దీనిని వివరంగా రాశాడు.

సుమారు 9 నెలలకు పేరుపెట్టి పిలిస్తే బిడ్డ తిరగాలి. ఏడాదికి టాటా చెప్పడం, ఎత్తుకోమని చేతులు చాచడం రావాలి. ఏడాదిన్నరకు వేలు చూపడం, నాలుగు మాటలు రావాలి. రెండేళ్ళకు "అమ్మా రా", "పాలు ఇయ్యి" అని రెండేసి మాటలు కలపాలి. ఇవి లేకపోతే చూపించండి. వచ్చిన మాటలు పోతే మాత్రం, ఏ వయసులోనైనా సరే, వారం కూడా ఆగకండి.

ఇంకొన్ని గుర్తులున్నాయి. కొందరు కండెలు చుట్టే రాట్నం చక్రాన్ని గంటల తరబడి చూస్తూ కూర్చుంటారు. చేతులు ఆడిస్తారు, మునివేళ్ళ మీద నడుస్తారు, గవ్వలను ఒకే వరుసలో పేర్చి, ఎవరైనా కదిపితే ఊరు దద్దరిల్లేలా ఏడుస్తారు. బువ్వలాట ఆడరు. మిక్సీ మోతకు చెవులు మూసుకుంటారు. వీటిలో ఏదో ఒకటి ఉన్నంత మాత్రాన ఆటిజం కాదు సుమండీ. కొన్ని కలిసి కనిపిస్తే అనుమానించాలి.

పిలిస్తే పలకడు గాని బిస్కెట్టు పొట్లం చప్పుడుకు పరుగెత్తుకొస్తాడు, కాబట్టి చెవుడు లేదని ఇంట్లోనే తేల్చుకోవద్దు. వినికిడి పరీక్ష తప్పకుండా చేయించాలి.

మామ్మగారు "వాళ్ళ నాన్నకీ అయిదేళ్ళకు గాని మాటలు రాలేదు" అంటారు. కొందరు వస నాకిస్తారు, తాయెత్తు కడతారు. తాయెత్తుతో నష్టం లేదు, దాన్ని నమ్ముకుని రెండేళ్ళు కూర్చుంటేనే నష్టం. వస మాత్రం పిల్లల నోట్లో పెట్టకండి. ఆడపిల్ల అయితే "సిగ్గరి" అని సరిపెట్టుకుంటారు. మగపిల్లల్లో ఇది ఎక్కువగా బయటపడుతుంది, ఆడపిల్లల్లో తెలియకుండా పోతుంది.

ఇది ఎవరి పాపమూ కాదు. ఒకప్పుడు వైద్యులే తల్లి ప్రేమ చాలక ఇలా అయిందని నిందవేశారు. అది తప్పని తేలిపోయింది. మెదడు ఎదుగుదలలో తేడా ఇది, వంశపారంపర్యం పాలు చాలా ఉంది. టీకాలతో ముడిపెట్టి 1998లో అచ్చయిన వ్యాసాన్ని, అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. కోడలిని ఆడిపోసుకునే ఇళ్ళలో ఈ పేరా పైకి చదివి వినిపించండి.

ఒక బిడ్డకు ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకూ ఉండే అవకాశం దాదాపు అయిదింట ఒకటి. మొదటి కాన్పయిన ఏడాదిలోపే మళ్ళీ గర్భం వస్తే ఆ బిడ్డలో ఆటిజం ఎక్కువగా కనిపించిందని 2011లో కాలిఫోర్నియా పరిశీలన ఒకటి చెప్పింది. ఎడం లేకపోవడమే కారణమని దాని అర్థం కాదు. అయినా కాన్పుకూ, తర్వాతి గర్భానికీ నడుమ రెండేళ్ళు ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఎడానికి కాపర్-టి, అంతర ఇంజక్షను మన కేంద్రాల్లో ఉచితం.

ఈ పిల్లలు చెప్పకుండా బయటికి నడిచిపోతారు, నీళ్ళంటే ఇష్టపడతారు. సముద్రం ఇళ్ళను కోసుకుంటూ వచ్చిన ఊరు మనది. తలుపుకు గడియ బిడ్డకు అందనంత ఎత్తున పెట్టించండి, ఇరుగుపొరుగుకు సంగతి చెప్పి ఉంచండి.

నయంచేసే మందు లేదు. మాట, ఆట నేర్పే శిక్షణ ఎంత తొందరగా మొదలైతే అంత మేలు. అందులో సగం పని ఇంట్లో మీరే చేయవచ్చు. 2016 చట్టం ఆటిజాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది గనుక ధ్రువపత్రం పొందవచ్చు. ముందు అంగన్‌వాడీలోనో, ఆశా కార్యకర్తతోనో చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షలు ఉచితం. పైపరీక్షకు కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి పిల్లల విభాగానికి వెళ్ళవచ్చు. సికింద్రాబాదులో బుద్ధి ఎదుగుదలలో లోపమున్నవారి కోసం 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది.

వచ్చేటప్పుడు టీకాల కార్డు తెండి. బిడ్డ ఇంట్లో ఆడుకునేటప్పుడు ఫోనులో రెండు నిమిషాలు వీడియో తీసి తెండి. కొత్తచోట బిడ్డ వేరేగా ఉంటాడు. వీలైతే అత్తగారిని కూడా వెంటబెట్టుకు రండి. ఇంట్లో మాట ఆవిడదే గదా.