తేలియా రుమాలు నేర్చుకోబోయే చేతులకు



తేలియా రుమాలు చీరాల నేతగాళ్ల సృష్టి. గజానికి అటూ ఇటూగా ఉండే నలుచదరపు నూలు గుడ్డ అది. ఎరుపు, నలుపు, తెలుపు, ఇవే దాని రంగులు; కొన్నిటిలో నలుపు బదులు ముదురు గోధుమ కనిపిస్తుంది. పడుగునూ పేకనూ మగ్గం ఎక్కకముందే అక్కడక్కడా బిగించి కట్టి రంగు వేస్తారు; ఇలా కట్టడాన్నే చిటికి కట్టడం అంటారు. నేసేటప్పుడు రెండింటి రంగులూ అనుకున్న చోటే కలవాలి. ఒక్క పడుగుకో ఒక్క పేకకో చిటికి కట్టే ఊళ్లు చాలా ఉన్నాయి. రెండింటికీ కట్టే విద్య మాత్రం లోకంలో అరుదు. గుజరాత్‌లోని పాటన్‌లో పట్టు పటోలాల మీద, ఇండోనేషియాలోని బాలి దీవిలో తెంగనాన్ అనే ఊళ్లో నూలు మీద, జపాన్‌లో కొన్నిచోట్ల అది కనిపిస్తుంది. చీరాల పేరు వాటి సరసన నిలుస్తుంది.

చీరాల 1970 దాకా గుంటూరు జిల్లాలో, తర్వాత ప్రకాశం జిల్లాలో ఉంది. 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా చుట్టుపక్కల నేల మారలేదు. పడమటికి వెళితే పత్తి, మిరప పండే నల్లరేగడి, తూర్పున సముద్రం. చేరువలోనే మోటుపల్లి రేవు ఉండేది. అక్కడికి వచ్చే పరదేశి వర్తకులకు అభయమిస్తూ కాకతి గణపతిదేవుడు 1244లో శాసనం వేయించాడు. రుమాలు అంత పాతది కాదు గానీ, గుడ్డను ఓడ ఎక్కించి అమ్మే అలవాటు ఈ తీరానికి అంత పాతది. పత్తి, ఆముదం, ఎండ, సముద్రం ఒకచోట దొరికిన ఊరు కనుకనే ఈ గుడ్డ ఇక్కడ పుట్టింది.

రుమాలులో కష్టమంతా మగ్గం దగ్గర ఉందనుకుంటారు. అసలు పని నూలును సిద్ధం చేయడంలో ఉంది. ఆముదపు కాయల పొట్టును కాల్చి, ఆ బూడిదను నీళ్లలో నానబెట్టి, పైకి తేరిన నీటిని వంచుకుంటారు. అది మంచి క్షారం. దానికి నూనె కలిపి చిలికితే తెల్లటి చిక్కని ద్రవం తయారవుతుంది. నూలు చిలపలను అందులో వేసి చేత్తో పిసుకుతారు. పోగుపోగుకీ నూనె పట్టేదాకా పిసకడమే. రాత్రి నాననిచ్చి పొద్దున ఎండలో ఆరేస్తారు. ఆరాక మళ్లీ ద్రవంలో వేస్తారు. ఇలా రెండు మూడు వారాలు సాగుతుంది. ఎండ తగ్గితే పని ఆగుతుంది, ముసురు పడితే చిలపలు చెడతాయి. ఇంత చేశాక కూడా నూలు చూడటానికి కొంచెం పసుపు తిరిగి, ముట్టుకుంటే జిడ్డుగా ఉంటుందే తప్ప అందంగా ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఓపిక నశించేది ఇక్కడే.

ఆ జిడ్డు వల్ల జరిగేది ఇది. క్షారంతో కలిసిన నూనె పోగులోకి దిగి, మళ్లీ మళ్లీ ఎండ తగలడంతో అక్కడే గట్టిపడుతుంది. తర్వాత పటిక నీళ్లలో ముంచితే పటికలోని అల్యూమినియం ఆ నూనెను పట్టుకుంటుంది. ఎరుపునిచ్చే అలిజరిన్ ఈ రెండింటితో కలిసి నీళ్లలో కరగని రంగుగా మారుతుంది. పటిక బదులు ఇనుము లవణం వాడితే అదే అలిజరిన్ నల్లగానో గోధుమగానో తేలుతుంది. తూర్పు తీరపు అద్దకంవాళ్లు పూర్వం ఈ ఎరుపును చిరివేరు నుంచి తీసేవారు. 1860ల చివర్లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారు చేశాక వేరు బదులు పొడి వచ్చింది. నూనె పని మాత్రం మారలేదు. అది మానేసి రసాయన రంగుతో నేసిన గుడ్డ కంటికి తేలియాలా కనిపించవచ్చు గానీ, ఉతికినకొద్దీ మెత్తబడి ఎరుపు తేటపడే గుణం దానికి రాదు.

సిద్ధమైన నూలును ఆసు అనే చట్రం మీద పోస్తారు. ఆసుకు ఒక చివర ఒకే మేకు, రెండో చివర అర్ధచంద్రాకారంగా వరుస మేకులు ఉంటాయి. పేక పోగును ఆ మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి వరుసలుగా విడదీస్తారు. గళ్ల కాగితం మీద గీసుకున్న బొమ్మను చూస్తూ నూలు మీద గుర్తులు పెడతారు. తెల్లగా మిగలాల్సిన చోట ముందు కడతారు. ఇప్పుడైతే సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలు వాడుతున్నారు. పట్టీని ఎడమచేతి బొటనవేలి కింద నొక్కిపట్టి, కుడిచేత్తో లాగి చుట్టి, కొసను చుట్టు కిందికి దూర్చాలి. వదులైతే రంగు లోపలికి పాకుతుంది. మరీ బిగిస్తే విప్పేటప్పుడు పోగు తెగుతుంది. ఎరుపు వేశాక ఎర్రగా ఉండాల్సిన చోట్ల మళ్లీ కట్టి నలుపు వేస్తారు. కట్లు విప్పి, నూలును కండెలకు చుట్టి, అప్పుడు గుంట మగ్గం దగ్గర కూర్చుంటారు. నాడె విసిరిన ప్రతిసారీ పేకలోని తెలుపు పడుగులోని తెలుపు మీద పడిందో లేదో చూసుకోవాలి. తేడా వస్తే అక్కడే సర్దాలి. నాలుగు పేకలు దాటాక సర్దే వీలుండదు.

నేతగాడికి ప్రేరణ ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఈ రుమాలే జవాబు చెబుతుంది. పడుగు నిలువు, పేక అడ్డం. వంపు గీత అక్కడ సులువుగా రాదు, మెట్లుమెట్లుగా వస్తుంది. అందుకే చదరాలు, చుక్కలు, వజ్రాకారాలు, నక్షత్రాలు. అప్పట్లో కొనేవాళ్లలో అరబ్బు దేశాలవాళ్లు ఎక్కువగా ఉండేవారు; ప్రాణుల బొమ్మలు వాళ్లకు సమ్మతం కాదు కనుక రేఖాగణిత ఆకారాలే సాగాయి. ఇతర కొనుగోలుదారుల కోసం ఏనుగులూ సింహాలూ వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యాక గడియారం, విమానం కూడా రుమాలు ఎక్కాయి. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి తను ఎన్నడూ చూడని ఎడారి దేశపు వర్తకుడి తలపాగాను ఊహించి నేశాడు. చీరాల కళాకారుల గొప్పతనం నిజంగా అక్కడుంది. ఇంటి దగ్గర అదే గుడ్డను తీరంలోని జాలర్లూ రైతులూ లుంగీగా, తలగుడ్డగా, భుజం మీద కండువాగా వాడుకున్నారు.

   

1915 ప్రాంతంలో చిటికి విద్య చీరాల నుంచి నల్లగొండ వైపు, పోచంపల్లి ప్రాంతానికి వెళ్లింది. అక్కడి పద్మశాలీలు దాన్ని అందుకుని చీరలకూ దుప్పట్లకూ విస్తరించారు. చీరాలలో మాత్రం ఎగుమతులు పడిపోవడంతో రుమాలు సన్నగిల్లింది. మగ్గాలు చీరల వైపు మళ్లాయి; ఇప్పుడు చీరాల, జాండ్రపేట, వేటపాలెం పేరు చెబితే కుప్పడం చీరలు గుర్తొస్తాయి. రుమాలును నిలబెట్టింది ఆ నల్లగొండ వైపే ఉన్న పుట్టపాక. ఆ ఊరి గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ వచ్చింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. చీరాలలో పుట్టిన విద్య మరో ఊరి పేరుతో నమోదైందని కొందరు బాధపడవచ్చు. న్యాయం పుట్టపాక వైపే ఉంది. గిరాకీ లేని రోజుల్లో కూడా నూలు పిసికిన ఊరికే ఆ పేరు దక్కాలి.

పోచంపల్లి వైపు నుంచే వచ్చిన మరో సృష్టిని నేర్చుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఆసు పోయడం ఎక్కువగా ఇంటి ఆడవాళ్ల పని. ఒక చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి, భుజాలు పడిపోతాయి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఆ నొప్పి చూడలేక, పెద్ద చదువేమీ లేకపోయినా ఏళ్ల తరబడి పాట్లుపడి, 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. గుడ్డ మీద కనిపించే బొమ్మకు ఎంత కల్పన కావాలో, నేసే మనిషి ఒంటిని కాపాడే పనిముట్టుకూ అంతే కావాలి.

నేతగాళ్ల కూలి సంగతి కూడా కళలో భాగమే. 1915లో నిడుబ్రోలులో పుట్టిన ప్రగడ కోటయ్య చీరాలను తన క్షేత్రంగా చేసుకుని, శాసనసభలోనూ రాజ్యసభలోనూ చేనేత కోసం జీవితాంతం వాదించాడు. పనితనానికి తగ్గ ధర అడగడం ఆయన దగ్గర నేర్చుకోవాలి. తేలియా రుమాలును అచ్చు గుడ్డ ధరకు అమ్మేవాడు వారాల తరబడి చేసిన పనిని ఉచితంగా ఇచ్చేసినట్టే.

చదువుకోవడానికి వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పని నేర్చుకోవడానికి పుట్టపాక వెళ్లాలి. చీరాల బిడ్డలు అక్కడికి శిష్యులుగా వెళ్లడంలో చిన్నతనం లేదు. బొమ్మ గీయాలన్న తొందర ఇప్పుడే వద్దు. ఈ వేసవిలో ముందు ఒక్క చిలప నూలు తీసుకుని, ఆముదపు బూడిద నీళ్లు తేర్చి, నూనె పట్టించడం మొదలుపెట్టు. వానలు పడేలోగా అది పూర్తవ్వాలి.