నీట్ కీలో ఇమడని శరీరధర్మ శాస్త్రం

బైపీసీలో చేరిన విద్యార్థికి ఎంబీబీఎస్ సీటు రాకపోతే ఇంటర్మీడియట్‌లో చదివిన జీవశాస్త్రమంతా వృథా అయినట్టేనన్న నమ్మకం తెలుగు రాష్ట్రాల తల్లిదండ్రులలో ఎంతగా పాతుకుపోయిందంటే, శరీరం ఎలా పనిచేస్తుందో కనిపెట్టడం కూడా ఒక వృత్తేనన్న మాట చాలా ఇళ్లలో పిల్లల చెవిన పడదు. 2024లో 23 లక్షల మందికి పైగా నీట్ రాయగా దేశంలోని ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కొద్దిగా పైచిలుకు మాత్రమే. మిగిలిన లక్షలాది మందిని విఫలులుగా లెక్కగట్టడం అన్యాయం.

శ్వాసక్రియను నియంత్రించడంలో ఆక్సిజన్ పాత్ర పెద్దగా లెక్కలోకి రాదన్న అర్థం వచ్చే వాక్యం ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో ఉంది. కోచింగ్ తరగతిలో ఈ వాక్యం కింద గీత గీయించి, నాలుగు మార్కుల బిట్‌గా వల్లె వేయిస్తారు. మామూలు పరిస్థితుల్లో ఊపిరి వేగాన్ని ప్రధానంగా నిర్ణయించేది కార్బన్ డయాక్సైడే కాబట్టి ఆ వాక్యం తప్పు కాదు. అయితే ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం సాధారణంగా ఉండే 80–100 మిల్లీమీటర్ల పాదరస మట్టం నుంచి 60కి దిగువకు పడిపోయినప్పుడు, అంటే ఎత్తయిన కొండలపైనో తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బులోనో, పరిస్థితి మారిపోతుంది. ఆ వాక్యం ఏ హద్దు వరకు నిజమని అడగగలిగిన విద్యార్థిలో శరీరధర్మ శాస్త్రవేత్తకు కావలసిన లక్షణం ఉన్నట్టే. కీలో జవాబు చూసి ముందుకు సాగిపొమ్మని ఆ విద్యార్థిని తొందరపెట్టడం ఆ లక్షణాన్ని నలిపేయడమే.

రక్తంలో ఆక్సిజన్ అలా పడిపోవడాన్ని పసిగట్టేది కెరోటిడ్ బాడీ. మెదడుకు రక్తం తీసుకుపోయే కెరోటిడ్ ధమని మెడలో రెండుగా చీలే చోట బియ్యపు గింజంత ఉండే ఈ అవయవంలోని గ్లోమస్ కణాలలో, ఆక్సిజన్ తగ్గగానే పొటాషియం అయాన్లు బయటికి వెళ్లే మార్గాలు మూసుకుపోతాయి. దాంతో కణపు పొర విద్యుదావేశం మారి, కాల్షియం లోపలికి ప్రవేశించి, నాడీ ప్రసారకాలనే రసాయనాలు విడుదలై, తొమ్మిదో కపాల నాడి ద్వారా మజ్జాముఖానికి సందేశం చేరి, క్షణాలలో ఊపిరి వేగం పెరుగుతుంది. ఈ ప్రాంతపు గ్రాహకాలు శ్వాసను ఎలా నియంత్రిస్తాయో చూపినందుకు బెల్జియం శాస్త్రవేత్త కార్నీల్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి దక్కింది. అయినా ఆక్సిజన్ కొరతను కణం మొదట ఏ అణువుతో గుర్తిస్తుందన్న చర్చ నేటికీ ముగియలేదు. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులు ఇందులో కీలకమని చికాగో విశ్వవిద్యాలయంలో నందూరి ప్రభాకర్ బృందం చేసిన పరిశోధన ఆ చర్చలో ముఖ్యమైనది.

గంటలు, రోజుల పాటు సాగే కొరతకు కణాలు మరో పద్ధతిలో స్పందిస్తాయి. ఆక్సిజన్ చాలినంత ఉన్నప్పుడు ఎప్పటికప్పుడు ధ్వంసమయ్యే హెచ్‌ఐఎఫ్ అనే ప్రొటీన్ కొరత ఏర్పడినప్పుడు నిలిచి ఉండి, ఎర్రరక్తకణాల తయారీని పెంచే ఎరిత్రోపోయిటిన్ వంటి వాటి జన్యువులను పనిచేయిస్తుంది. దీన్ని ఛేదించిన కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా 2019లో నోబెల్ పొందారు. ఈ మార్గంపై పనిచేసే డెసిడుస్టాట్ అనే మందుకు, మూత్రపిండాల జబ్బులో వచ్చే రక్తహీనత కోసం, 2022లో భారత్‌లో అనుమతి లభించింది. ఆ ముగ్గురూ వైద్యవిద్య చదివినవారే కదా అని తల్లిదండ్రులు అడగవచ్చు. నిజమే, కానీ వారికి నోబెల్ వచ్చింది ప్రయోగశాలలో దశాబ్దాల పాటు చేసిన పనికి. ఆ ప్రయోగశాలలోకి ఎంబీబీఎస్ ఒక ద్వారం మాత్రమే.

రెండో ఏడాది, మూడో ఏడాది కూడా లాంగ్ టర్మ్ కోచింగ్‌లో పిల్లలను కూర్చోబెట్టే తల్లిదండ్రులు గమనించవలసిన నష్టం ఫీజులతో ఆగదు. హాస్టల్ గదిలో మోడల్ పేపర్ల మధ్య గడిచే ఆ ఏళ్లలో, ఇటీవలే ఇంటర్ పూర్తిచేసినవారికే అవకాశమిచ్చే భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థల (ఐసర్) ప్రవేశ పరీక్ష వంటి తలుపులు మూసుకుపోతాయి. నీట్‌కు ప్రయత్నాల పరిమితి లేకపోవడాన్ని వరంగా భావించి అప్పు చేసి మరో ఏడాది ఫీజు కట్టే కుటుంబాలు, ఆ డబ్బుతో పిల్లల డిగ్రీ చదువు చాలావరకు పూర్తయ్యేదని లెక్కవేసుకోవాలి. పిల్ల వద్దంటున్నా లాంగ్ టర్మ్‌కు పంపడాన్ని ప్రేమ అనడానికి వీల్లేదు.

తిరుపతి ఐసర్‌తో పాటు అన్ని ఐసర్‌లలోని ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సుకు ఇంటర్‌లో 60 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 55) అర్హత. ప్రవేశ పరీక్షలోని 60 ప్రశ్నలలో 15 గణితానివి కాబట్టి, బైపీసీ విద్యార్థులు మొదటి ఏడాది నుంచే కొంత గణితం చదవడం మంచిది. అయాన్ల ప్రవాహాన్ని అర్థం చేసుకోవడానికి అది ఎలాగూ కావాలి. బెంగళూరు ఐఐఎస్సీ బీఎస్ కోర్సుకు మాత్రం ఇంటర్‌లో గణితం తప్పనిసరి. ఈ సంస్థలలో సీటు రానివారికి మంచి ప్రభుత్వ కళాశాలలో బీఎస్సీ, ఆపై విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ అనే పాత దారే, బయోటెక్నాలజీ పేరు తగిలించి లక్షలు వసూలు చేసే కోర్సుల కంటే ఎంతో మేలైనది.

పరిశోధననూ రంగుల కలగా చూపకూడదు. ఎమ్మెస్సీ తరువాత సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధిస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్, అదనంగా ఇంటి అద్దె భత్యం వస్తాయి. పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆ పైన పోస్ట్‌డాక్టరల్ శిక్షణ, స్థిరమైన ఉద్యోగం దొరికేసరికి వయసు ముప్పై దాటుతుంది. త్వరగా సంపాదించవలసిన ఇంటి పిల్లలకు శ్వాసకోశ చికిత్స సాంకేతికతలో బీఎస్సీ మరింత నప్పుతుంది. ఐసీయూలో వెంటిలేటర్ ముందు నిలబడి రోగి రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని ఎప్పటికప్పుడు చదివే ఆ పనిలో ఇదే శాస్త్రం రోజూ ఉపయోగపడుతుంది. చేరే ముందు ఆ కళాశాలకు సొంత ఆసుపత్రి, అందులో నడుస్తున్న ఐసీయూ ఉన్నాయో లేదో స్వయంగా వెళ్లి చూడాలి.