దశాంశముల తారతమ్యము

రెండు పూర్ణసంఖ్యలలో ఏది పెద్దదో చెప్పుట మీకు సులభము. కాని దశాంశ బిందువు కనబడగానే పెద్దలు సైతము తడబడుచుందురు. ఆ తడబాటువలన ఎట్టి నష్టము కలుగునో నేనెరిగిన ఒక ఉదంతమును చెప్పెదను, వినుడు.

నేను జనగామ ప్రాంతమున ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న దినములలో ఒక పత్తి రైతు కుమారుడు మా పాఠశాలలో చదువుచుండెను. పత్తిలో తేమ నూటికి 8 వంతులు మించకున్నచో భారత పత్తి సంస్థ పూర్తి మద్దతు ధర ఇచ్చును. అంతకు హెచ్చిన కొలది ధర తగ్గును. 12 వంతులు మించినచో కొనుగోలు చేయదు. ఆ రైతు ఇంట మూడు కుప్పల పత్తి ఉండెను. అతడు నమూనాలకు తేమ కొలిపించి, 9.4, 9.35, 9.08 అను అంకెలను చీటిపై వ్రాయించుకొని వచ్చెను.

"వీనిలో బాగుగా ఎండినది ఏది బిడ్డా?" అని కుమారుని అడిగెను.

బాలుడు బిందువు తరువాతి అంకెలను మాత్రమే చూచెను. 4 కంటె 8, 8 కంటె 35 పెద్దవి గదా అని తలచి, "మొదటిదే బాపూ" అనెను.

మిగిలినవి మరి రెండు దినములు ఎండబెట్టవచ్చునని తలచి, రైతు మొదటి కుప్పనే అంగడికి తీసికొనిపోయెను. నిజమునకు అన్నింటికంటె తేమ గలది అదియే! ధర తగ్గెను. బాగుగా ఎండిన పత్తి ఇంటనే మిగిలెను.

మరునాడు బాలుడు తలవంచుకొని ఈ సంగతి నాకు చెప్పెను. నేను వానిని మందలింపలేదు. "తొమ్మిది పాయింటు ముప్పదియైదు" అని చదువుట మేమే అలవాటు చేసితిమి. ముప్పదియైదు అను మాట చెవిని పడగానే మనస్సు దానిని పూర్ణసంఖ్యగా భావించును. "తొమ్మిది పాయింటు మూడు, అయిదు" అని చదువుటయే సరియైన పద్ధతి.

ప్రతి స్థానము తన కుడివైపు స్థానమునకు పదిరెట్లు. బిందువు దాటినను ఈ నియమము మారదు. బిందువు తరువాత మొదటిది దశాంశ స్థానము, రెండవది శతాంశ స్థానము, మూడవది సహస్రాంశ స్థానము. 1957 ఏప్రిల్ 1 నుండి మన రూపాయికి నూరు పైసలైనవి గనుక, ధనముతో పోల్చినచో ఇది తేటపడును. 9.4 రూపాయలనగా తొమ్మిది రూపాయల నలుబది పైసలు. 9.08 అనగా తొమ్మిది రూపాయల ఎనిమిది పైసలు మాత్రమే.

కావున బిందువులు ఒకదానిక్రింద ఒకటి వచ్చునట్లు సంఖ్యలను వ్రాయవలెను. ఖాళీ స్థానములను సున్నలతో నింపవలెను. పిదప ఎడమనుండి కుడికి పోల్చవలెను. మొదట భేదము కనబడిన స్థానమే తారతమ్యమును తేల్చును.

9.40
9.35
9.08

నల్లబల్లపై ఆ బాలునిచేతనే ఇట్లు వ్రాయించితిని. వాడు క్షణకాలము చూచి, "9.08, 9.35, 9.4" అని ఆరోహణ క్రమమును తానే చెప్పెను.

అంకెలు తక్కువగా ఉన్న సంఖ్యయే పెద్దదని కొందరు భావింతురు. అదియు పొరపాటే. మహబూబాబాదు రైతు తూకము వేసిన మిర్చి రాశులలో ఒకటి 0.4 క్వింటాలు, వేరొకటి 0.45 క్వింటాలు అనుకొనుడు. మొదటిది 40 కిలోలు, రెండవది 45 కిలోలు. ఇచట అంకెలు ఎక్కువగా ఉన్నదే పెద్దది. అంకెల లెక్క కాదు, స్థానపు విలువయే ప్రధానము.

ధర తగ్గుట ఒక నష్టము. ప్రాణముతో ముడిపడిన చోటులును కలవు. భూపాలపల్లిలో సింగరేణి సంస్థవారి భూగర్భ గనులు కలవు. బొగ్గు పొరలనుండి మీథేను అను మండెడు వాయువు వెలువడును. గాలిలో అది నూటికి 5 మొదలు 15 వంతులవరకు ఉన్నచో నిప్పురవ్వ తగిలిన ప్రేలును. అందుచేత గనిలో ఏ చోటనైనను అది 1.25 వంతులను మించరాదని నిబంధన. పరికరము 1.3 చూపెననుకొనుడు. "3 కంటె 25 పెద్దది" అని తలచువాడు భయము లేదనును. స్థానములను చూచువాడు 1.25 కంటె 1.30 హెచ్చని గ్రహించి, కార్మికులను వెంటనే వెలుపలికి పంపును.

చుక్క చిన్నదే, దానిని ఆదరముతో చదువుట నేర్చుకొనుడు.

అభ్యాసము

1. 1.3, 0.75, 1.205, 0.8, 1.25: వీనిని ఆరోహణ క్రమమున వ్రాయుడు.
2. 3.5, 3.50 లకు భేదము కలదా? కారణము తెల్పుడు.
3. మీ ఇంటను, అంగడిలోను కనబడు అయిదు దశాంశ సంఖ్యలను సేకరించి అవరోహణ క్రమమున వ్రాయుడు.
4. పత్తి రైతు కుమారుడు చేసిన పొరపాటును మీ సొంత వాక్యములలో వివరింపుడు.